ముప్పై ఆరో ముడి

212

ఎండకొట్టు నడిపేవాళ్ళు రోజూ ఎంతో కొంత రాసి పెట్టాలని నిబంధన. ఏం రాయాలో అందులో లేదు, ఎవరు చదువుతారో కూడా లేదు. నోటికొచ్చినట్టు మాట్లాడే ఓదెమ్మ అని నాకు ఎలాగూ పేరుంది. చేతికొచ్చినట్టు రాస్తే కొత్తగా పోయేదేమీ లేదు.

ఈ రోజు వచ్చినవాళ్ళలో ఒకడు పెళ్ళికొడుకు. పాలిపోయిన అల్లుడు మాకొద్దని పిల్ల తరఫువాళ్ళు అన్నారట, మేనమామ వెంటబెట్టుకొని వచ్చాడు. నేల కింది మా బాయిలో అందరి మొహాలూ ఉడకబెట్టి ఒలిచిన గడ్డల్లాగే ఉంటాయి. ఎండ పట్టిన మొహమంటే పైకి వెళ్ళి, కింది దీపాలకు ఎండ పట్టే అద్దాలు తుడిచి వచ్చిన మనిషి అని, ఆ ఇంటికి రెండు వాటాల బియ్యం వస్తుందని లెక్క. పైకి వెళ్ళే దమ్ము లేనివాళ్ళు నా దీపాల కింద పడుకొని ఆ రంగు తెచ్చుకుంటారు. నిజంగా వెళ్ళేవాళ్ళూ ముందు నా దగ్గరికే రావాలి. ఒళ్ళు కాస్త ముదరకపోతే పైన ఒక్క పూటకే బొబ్బలెక్కుతుంది.

ఈ కొట్టుకు మూడు నియమాలు. బాయిలోకి మొదట దిగిన పెద్దలు పెట్టినవి. ఆ రోజుల్లో జనం వెలుగు కోసం మొహం వాచి పసిపిల్లలను కూడా దీపాల కింద పడుకోబెట్టారట. ఆ పిల్లలెవరూ ముసలివాళ్ళు కాలేదు. అందుకని మొదటి నియమం, మెడలో తాడు చూడాలి, వయసు తెలిసేది దాని ముళ్ళతోనే. రెండోది, హెచ్చరిక పైకి చదవాలి, చదివినంతసేపూ ఎవరూ గడప దాటకూడదు. మూడోది, "అర్థమైందా?" అని అడగాలి. ఎదుటివాళ్ళు నోరు తెరిచి "అర్థమైంది" అంటేనే లోపలికి. తల ఊపితే చాలదు.

హెచ్చరిక నాకు నిద్రలో కూడా వస్తుంది. "ఈ దీపాల కింద ఒళ్ళు కాలుతుంది. పైకి మానిన కాలుడు లోపల మానదు. నువ్వు మరిచిపోయాక పుండై లేస్తుంది. కళ్ళకు కప్పు లేకుండా దీపాన్ని చూస్తే చూపు పోతుంది. ఈ రంగు ఆరోగ్యం కాదు, దెబ్బ తిన్న చర్మం రంగు. ఇది ఒంటికి మంచిదని నీకెవరైనా చెబితే వాళ్ళు అబద్ధం చెప్పారు. కడుపుతో ఉన్నవాళ్ళు రాకూడదు. ముప్పై ఆరు ముళ్ళు పడనివాళ్ళ చర్మం పచ్చిది, వాళ్ళను రానివ్వడం నేరం."

పెళ్ళికొడుకు అంతా విని తెల్లమొహం వేశాడు. "గింత సదివినంక ఎవలైన పండుకుంటరా అవ్వా?" అన్నాడు.

"నువ్వు పండుకుంటవ్ బిడ్డా, పెండ్లి జేసుకునే ధైర్యం ఉన్నోనివి" అన్నాను. మేనమామ పడీ పడీ నవ్వాడు. తర్వాత పెళ్ళికొడుకు బుద్ధిగా "అర్థమైంది" అన్నాడు.

216

ఈ వేళ జరిగినది నాకు నచ్చలేదు.

స్రవంతి అనే పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది. పైపనికి పేరు ఇచ్చింది. నా భుజం దాకా కూడా లేదు. తాడు లెక్కపెట్టాను, ముప్పై ఆరు. మళ్ళీ లెక్కపెట్టినా ముప్పై ఆరే.

ఈ తాడులో మోసం చేయడం ఎవరి తరమూ కాదు. మా దగ్గర బిడ్డ పుట్టగానే మెడలో నల్లతాడు కడతారు. ప్రతి పంటకూ కొత్తల పండుగ వస్తుంది. ఆ నాడు కొత్త బియ్యం వండి, వార్చిన గంజిలో తాడు ముంచి, తల్లి ఒక ముడి వేస్తుంది. గంజి ఆరాక ఆ ముడి ఎవరి గోళ్ళకూ ఊడదు. రెండు పంటలైతే ఏడాది, ముప్పై ఆరు ముళ్ళయితే పద్దెనిమిదేళ్ళు. ఎక్కాల కంటే ముందు మేం నేర్చుకునే లెక్క ఇది. తాడు తెంపేది మనిషి పోయినప్పుడే.

చదివాను, అడిగాను, పిల్ల "అర్థమైంది" అంది. పడుకోబెట్టి దీపం వేశాను. కాసేపటికి లోపల నుంచి "అవ్వా, అవ్వా" అని పిలిచింది. పరుగెత్తి వెళితే లేచి కూర్చొని, అరచేతిలో ఏదో పట్టుకొని నవ్వుతోంది.

"పన్ను ఊడింది. ఎన్ని దినాల సంది కదులుతుండె!"

పాలపన్ను. పద్దెనిమిదేళ్ళ పిల్లకు పాలపన్ను.

"ఇప్పటి పిల్లలు గిట్లనే మెల్లగ పెరుగుతున్నరు" అని వాళ్ళమ్మ తలుపు దగ్గరి నుంచి అంది. "కొత్త వడ్లల్ల సత్తువ లేదవ్వా. మా కాలంల ముప్పై ముళ్ళకే నా నెత్తి దర్వాజకు తగిలేటంత ఉంటి."

ఆ మాట నేనూ నలుగురిలో అన్నదే. ఊరంతా అంటున్నదే. అయినా పన్ను నా కళ్ళలోంచి పోవడం లేదు.

217

చెల్లెలు వనమాలా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. ఇల్లంటే ఒక గది, ఒక పొయ్యి, మధ్యలో వాదన. దాని మొగుడు పైపనికి వెళ్ళి తిరిగి రాలేదు. అది పంటమళ్ళలో పని చేస్తుంది. దాని కూతురు నవితకు ముప్పై ఐదు ముళ్ళు. వచ్చే కొత్తలకు ముప్పై ఆరో ముడి పడుతుంది.

పొద్దున్న నవిత మూలకు కూర్చొని కచ్చకాయలు ఎగరేసి పడుతూ ఆడుతోంది. "పెద్దమ్మా, నాకు దీపమేసేటప్పుడు నువ్వే సదువుతవా?" అని అడిగింది.

"ఇంకెవలు సదువుతరే?"

"జెర తొందరగ సదువు మరి. నేను ఆకాశం సూడాలె."

వనమాల పొయ్యి దగ్గర నవ్వింది. కూతురు పైపనికి పోతే గోడకు కిటికీలా అమర్చిన దీపమున్న పెద్ద గది ఇస్తారు, రెండు వాటాల బియ్యం ఇస్తారు. ఈసారి కోత మరీ ముందే వస్తోందని, కొత్త దీపాల కింద వరి పరుగులు తీస్తోందని చెప్పింది. చెబుతుంటే దాని మొహం వెలిగిపోయింది. ఆకలి చూసిన మనిషి పంట గురించి అలాగే మాట్లాడుతుంది.

నవితను నోరు తెరవమని చూశాను. వెనక దంతం ఒకటి వదులుగా కదులుతోంది.

222

నిబంధనల ఇన్‌స్పెక్టర్ దామెర కిషన్ వచ్చాడు. హాజరూ వాటాలూ చూసే మస్టర్ ఆఫీసు నుంచి కొత్త ఆర్డరు తెచ్చాడు. హెచ్చరిక చాలా పొడుగైందట, వినేవాళ్ళు భయపడుతున్నారట. ఇక మీదట "దీపాల వల్ల కొందరికి ఒళ్ళు మండవచ్చు" అంటే చాలునట.

"భయపడడానికే కద సార్ అది రాసింది?" అన్నాను.

"ఓదెమ్మా, నీకు అన్నిటికీ ఒక మాట ఉంటది" అన్నాడు. చెడ్డవాడు కాదు. మనిషి నిబంధన తప్పితే ఇంకోటి తెలియని రకం. టీ తాగాడు, కప్పు తనే కడిగి బోర్లించాడు.

"పొడుగుది సదవద్దని ఉన్నదా ఇందుల?"

కాగితం మళ్ళీ చూసుకున్నాడు. "పొట్టిది చాలని ఉన్నది."

"చాలంటే వద్దని కాదు గద."

నిట్టూర్చి వెళ్ళిపోయాడు. నేను పొడుగుదే చదువుతున్నాను.

తాడు నిండిన పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఇంతకుముందు కొత్తలకూ కొత్తలకూ మధ్య ఇద్దరో ముగ్గురో వచ్చేవారు. ఇప్పుడు తలుపు ముందు వరుస కట్టి నిలబడుతున్నారు. నిలబడి చప్పట్లాట ఆడుకుంటున్నారు.

227

మొన్న స్రవంతి రెండోసారి పడుకుంది. నిబంధన ప్రకారం ఎంతసేపో అంతసేపే. లేచేసరికి భుజాలు ఎర్రబడ్డాయి. ఈ రోజు వాళ్ళమ్మ చీరకొంగులో చుట్టి మోసుకొని వచ్చింది. వీపంతా బొబ్బలు, గుడ్డ తీస్తే తోలు కూడా వస్తోంది. పిల్ల ఏడవడం లేదు. ఏడవడానికి ఓపిక లేక పళ్ళు కొరుకుతోంది, ఆ పళ్ళ మధ్య సందు కనిపిస్తోంది.

"ముళ్ళు నిండినయ్ గదవ్వా," అంటోంది తల్లి, "నిండినయ్ గద మరి!"

నేనేం చెప్పను? నేనే లెక్కపెట్టాను, నేనే దీపం వేశాను. ముదిరిన చర్మం ఇలా కాలదు. వందల మంది పెద్దవాళ్ళను పడుకోబెట్టినా ఇలా కాలినవాడు ఒక్కడూ లేడు. ఇది పచ్చి చర్మం. తాడు ఒకటి చెబుతోంది, ఒళ్ళు ఇంకొకటి చెబుతోంది. ఈ రెండింటిలో ఒకటి అబద్ధం.

నాకు భయంగా ఉంది. రాయడానికి సిగ్గేం లేదు.

231

తెలిసిపోయింది.

మా పక్కగది రజియా నిండు మనిషి. నడుం నొప్పితో నిలవలేక, కొట్టు బయటి గోడ వెచ్చగా ఉంటుందని దానికి ఆనుకొని కూర్చుంది. నేను గంజి ఇచ్చి పక్కన కూర్చున్నాను.

"ఎప్పుడే నీ కాన్పు?"

"తొమ్మిది నిండినయ్ అక్కా. రేపో మాపో. నెల తప్పినంక ఇప్పుడొచ్చేది మూడో కొత్తలు తెలుసా? గా మొదటి కొత్తలకు గంజి వాసనకే కక్కుకున్న. ఈ కొత్తలకన్న మంచిగ తింటనా అంటే పొట్టల జాగ లేదు."

నవ్వింది. నేను నవ్వలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

వనమాల కడుపులో పడ్డప్పుడు నేను ఊహ తెలిసిన పిల్లను. అమ్మ ఎలా మోసిందో నాకు బాగా గుర్తు. ఒకే ఒక్క కొత్తల పండుగ వచ్చింది ఆ కడుపు మీద. తర్వాతి కొత్తలు వచ్చేసరికి వనమాల పుట్టి, మెడ నిలిపి, నా ఒళ్ళో కూర్చుని తాడుకు తొలి ముడి వేయించుకుంది. అమ్మ ఒక్క కొత్తలే మోసింది. రజియాకు మూడో కొత్తలు వస్తున్నాయి. ఇద్దరికీ తొమ్మిది నెలలే.

కడుపు ఆలస్యం కాలేదు. పంట తొందరపడింది.

మా బాయిలో ఎండా వానా లేవు, చలి లేదు. సైరన్ మోగితే షిఫ్టు మారుతుంది, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు నెలలు లెక్కపెట్టుకుంటారు, అంతకు మించి కాలం ఎవరికీ కనిపించదు. కొత్తలు వస్తే ఆరు నెలలు గడిచాయని అనుకుంటాం. కొత్త దీపాలు వచ్చాయి, ఏడాదికి రెండు కోతలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. కడుపు నిండింది కదా అని ప్రతి కోతకూ పండుగ చేశాం, ప్రతి పండుగకూ ముడి వేశాం. పిల్లలు ఎదగడం లేదని బియ్యాన్ని తిట్టాం. పిల్లలు ఎదగాల్సినంతే ఎదుగుతున్నారు. తాడే ముందు పరుగెత్తుతోంది.

స్రవంతికి పద్దెనిమిది లేవు. పన్నెండు కూడా ఉండవు. నవితకూ అంతే.

232

వనమాలతో చెప్పాను. మొదట నవ్వింది, తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, తర్వాత లెక్కపెట్టడం ఆపేసింది.

"నవితప్పుడు ఎన్ని కొత్తలు మోసినవ్ నువ్వు?" అని అడిగాను.

"రెండు." రెండు వేళ్ళు చూపించింది. "గదేందో బిడ్డ లోపట్నే ఎక్కువ దినాలున్నదని అనుకున్న."

"నెలలెన్ని?"

లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

"అందరి పిల్లలు పోతున్నరక్కా. నాదొక్కటే ఇంట్ల కూసుంటదా? ముడి ఎయ్యకపోతే నలుగురు ఏమంటరు? రెండు వాటాలంటే రెండు పూటలు. నీకేం, నీకు పిల్లలు లేరు. సెప్పుడు అల్కనే."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను ఎత్తుకొని తిప్పిన పిల్ల నవిత. దానికి జ్వరం వస్తే గోడకు ఆనుకొని కూర్చొని నిద్ర లేకుండా గడిపింది నేను. వనమాల భయపడి అంది, నాకు తెలుసు. కొత్తలకు ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి.

234

మస్టర్ ఆఫీసుకు వెళ్ళాను. కిషన్ ఒక్కడే ఉన్నాడు. కడుపుల లెక్కంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. కొత్త సంగతి వినే మనిషి అలా వినడు.

"నీకు ముందే ఎర్కనా సార్?"

కిటికీ తలుపు దగ్గరికి వేశాడు. "నియమంల ఏమున్నది ఓదెమ్మా? పద్దెనిమిదేండ్లని ఉన్నదా? ముప్పై ఆరు ముళ్ళని ఉన్నది. ముడి ముడే."

"పసిపిల్లలు సార్."

"పైన అద్దాలు తుడిచేటోళ్ళకు చూపు పోతున్నది. సగం మంది లేరు. అద్దాలు మురికైతే కింద దీపాలుండయ్. దీపాలు లేకుంటే బువ్వ ఉండదు. నువ్వు చెప్పు, ఎవల్ని పంపాలె?"

ఎవరిని పంపాలో నాకూ తెలియదు. తెలియనిది తెలిసినట్టు ఎందుకు రాయాలి? కానీ ఒకటి అడిగాను.

"మీ చిన్నోనికి ఎన్ని ముళ్ళు పడ్డయ్?"

బల్ల మీద కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. వనమాల గిన్నెలు గుర్తొచ్చాయి.

"ముప్పై మూడు" అన్నాడు. తర్వాత, "పో ఓదెమ్మా. ఈ ముచ్చట ఇంకెక్కడ తియ్యకు" అన్నాడు.

కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి అని దారి పొడవునా అనుకుంటూ వచ్చాను. ఇంటికి చేరేసరికి ఒక సంగతి తట్టింది. ఇంకెక్కడా తీయొద్దన్నాడు. కొట్టులో చదవడం నా ఉద్యోగం కదా.

235

హెచ్చరికకు ఒక మాట కలిపాను. పొడుగుది చదవడానికి అడ్డు లేనప్పుడు ఇంకాస్త పొడుగైతే ఏం? "ముప్పై ఆరు ముళ్ళు పడనివాళ్ళ చర్మం పచ్చిది" అన్న చోట ఆగి, ఇలా చదువుతున్నాను: "నిన్ను మీ అమ్మ ఎన్ని కొత్తలు మోసింది? మీ అమ్మను మీ అమ్మమ్మ ఎన్ని మోసింది? అడిగి రా."

తర్వాత అడుగుతాను, "అర్థమైందా?"

పిల్లలు అబద్ధం చెప్పలేరు. "అర్థం కాలేదు" అంటారు. అర్థం కాకపోతే గడప దాటకూడదు. ఇంటికి వెళ్ళి అడుగుతారు. మొదటి రోజు పదకొండు మంది వెనక్కి వెళ్ళారు. తిరిగి వచ్చింది ఇద్దరే. ఒకడి వెంట వాళ్ళ నాయనమ్మ వచ్చింది, నా ముందు నేల మీద కూలబడింది. తర్వాత మనవడి తాడును గుప్పిట్లో పట్టుకొని తీసుకెళ్ళింది.

237

ఈ రోజు ఎవరూ రాలేదు. దీపాలు తుడిచి కూర్చున్నాను. సందుల్లో ఆడవాళ్ళు గుంపులుగా నిలబడి వేళ్ళ మీద లెక్కలు వేస్తున్నారు. నన్ను చూడగానే కొందరు మాట ఆపుతున్నారు, కొందరు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంటున్నారు. ఒకామె మాత్రం నా మొహం మీదే ఉమ్మేసినంత పని చేసింది. ఆమె కొడుకు కిందటి కొత్తల తర్వాత పైకి వెళ్ళాడు. ఇంకా దిగలేదు.

స్రవంతి బతికే ఉంది. వీపు మీద కొత్త చర్మం వస్తోందట. మచ్చ పోదట.

239

కొట్టు మూసేశారు. పొద్దున్న వెళితే తలుపుకు తాళం, తాళం మీద ఆర్డరు. నడిచి రావడం జనానికి కష్టమవుతోందని, ఇక మీదట దీపాలే ఇళ్ళకు వస్తాయని రాశారు. చేత్తో మోసే చిన్న దీపాలట. కొత్తల నాడు ఆఫీసు మనుషులు ఇంటింటికీ వచ్చి, తాడుకు ముడి వేసి, నిండినవాళ్ళకు అక్కడే దీపం వేసి, పైపనికి పేరు రాసుకుంటారు. తల్లి వెయ్యకపోయినా ముడి పడుతుంది.

కొత్తలు రేపే. మూడు రోజులు ముందుకు జరిపారు.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. చేసేది లేక ఆర్డరు మళ్ళీ చదివాను, చదవడం తప్ప నాకు వచ్చిన పని లేదు కనుక. మూడోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగాను. "ఎండదీపం ఏ గదిలో వెలిగితే ఆ గది ఎండకొట్టు, ఆ గడపకు పెద్ద ఎవరో వారే దాని కాపరి." ఏదైనా కాలితే తప్పు తమ మీదికి రాకుండా రాసుకున్నారు. కానీ తొందరలో పాత నియమాలు కొట్టేయడం మరిచారు. హెచ్చరిక పొట్టిది చాలన్నారు, పొడుగుది వద్దనలేదు. చదివినంతసేపూ గడప దాటకూడదన్నది ఉంది. "అర్థమైంది" అనాలన్నది ఉంది.

మా గడపకు పెద్దను నేను.

రజియాకు చెప్పాను. అది రాత్రే కన్నది, ఆడపిల్ల. పచ్చి బాలింత, లేవొద్దన్నా లేచి కూర్చొని, "నాకు గా హెచ్చరిక రాదక్కా, నేర్పు" అంది. నేర్పాను. అది పక్క సందుకు నేర్పింది.

240

కొత్తల సైరన్ మోగింది. ఎప్పుడూ సైరన్ మోగగానే డప్పులు మోగుతాయి, గిన్నెలు కొడతారు. ఈసారి ఏ సందులోనూ చప్పుడు లేదు.

వనమాల గంజి వార్చింది. గిన్నె ముందు పెట్టుకొని కూర్చొని, కూతురి తాడును చేతిలోకి తీసుకొంది. గంజి చల్లారి పైన మీగడ కట్టేదాకా అలాగే కూర్చుంది.

"అక్కా, ఎయ్యాల్నా?"

నేను నోరు తెరిచేలోపు నవితే అంది. "అమ్మా, పన్ను ఊడింది గద, కొత్తది ఇంకా రాలె. వచ్చినంక పోత. ఆకాశం యాడికి పోతది?"

వనమాల తాడు వదిలేసి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. అంత పెద్ద శబ్దంతో అది ఏడవగా నేను ఎప్పుడూ వినలేదు, మొగుడు రాని రోజు కూడా.

వాళ్ళు వచ్చారు. ముందు కిషన్, వెనక ముగ్గురు. ఒకడి చేతిలో దీపం, ఒకడి చేతిలో గంజి గిన్నె. నేను వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"దీపం వెలిగించేటందుకు వచ్చిండ్రా సార్?"

"ఆర్డరు ఎర్కే గద ఓదెమ్మా."

"ఎర్కే. ఇది ఎండకొట్టు, నేను కాపరిని. హెచ్చరిక వినుండ్రి."

వెనక ఉన్నవాడు నన్ను నెట్టబోయాడు. కిషన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "చదివినంతసేపు గడప దాటొద్దు" అన్నాడు, ఆలోచించేలోపే నోరు నిబంధన పలికినట్టు. నేను మొదటి నుంచి చదివాను. పైకి మానిన కాలుడు లోపల మానదని, ఈ రంగు దెబ్బ తిన్న చర్మం రంగని చదివాను. ఒక్క మాట వదల్లేదు. పక్క గుమ్మంలో రజియా గొంతు వినిపించింది, దాని ముందెవరూ లేకపోయినా చదువుతోంది. దాని తర్వాత ఇంకో గుమ్మం, ఇంకో గుమ్మం. సందు చివరిదాకా ఒకే హెచ్చరిక.

చివరికి వచ్చి ఆగాను. "మీ చిన్నోన్ని మీ ఇంటామె ఎన్ని కొత్తలు మోసింది సార్?" అని అడిగాను. తర్వాత నిబంధన ప్రకారం అడగాల్సింది అడిగాను. "అర్థమైందా?"

ఆయన "అర్థమైంది" అంటే నేను పక్కకు జరగాలి. అర్థం కాలేదంటే దీపం వెనక్కి తీసుకెళ్ళాలి. ఆయన ఏదీ అనలేదు, అనేదాకా ఎవరూ గడప దాటడానికి లేదు.

ఇది గడప మీద కూర్చొని రాస్తున్నాను. ఆయన ఇంకా బయటే నిలబడి ఉన్నాడు. దీపం పట్టుకున్నవాడు చేతులు నొప్పెట్టి చేయి మార్చుకుంటున్నాడు. తెచ్చిన గంజి గడ్డకట్టింది. వెనక ఉన్న మూడోవాణ్ణి వాళ్ళలో ఒకడు ఆఫీసుకు పంపాడు, ఇంకొంతమందిని తేవడానికి కాబోలు, సందు అవతల బూట్ల చప్పుడు మొదలైంది. నవిత నా వెనక కచ్చకాయలు ఎగరేస్తోంది. కిషన్ ఆ చప్పుడు వింటూ దాని చేతుల వైపే చూస్తున్నాడు, పెదవులు గట్టిగా మూసుకొని.